పొదిగే పెట్ట గుడ్లు వదిలిన నాటి నుంచి: కోడి పేలు, గూటి నల్లుల మీద పది వారాల డైరీ

జులై 6, ఆదివారం

మా ఎర్ర పెట్ట పదకొండు గుడ్ల మీద పన్నెండు రోజులుగా కదలకుండా కూర్చుంది. రోజుకు ఒక్కసారి దిగి, పది నిమిషాల్లో నూకలు తిని నీళ్లు తాగి, తిరిగి తన చోటికి వెళ్లిపోయేది. అలాంటిది నిన్న పొద్దుగూకే వేళకు గుడ్లను వదిలేసి బయటికి వచ్చి జామచెట్టు కొమ్మ మీద కూర్చుంది. పట్టుకొచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చోబెడితే అరగంట కూడా నిలవలేదు. పొదుగుడుకు వచ్చిన నాటుపెట్ట సగంలో గుడ్లను వదిలిందంటే, ఆ చోట ఉండలేని బాధ ఏదో దానికి ఉన్నట్టే. ఆ బాధ ఏమిటో తేల్చుకోవడానికే ఈ రోజు నుంచి ఈ డైరీ రాస్తున్నాను.

మాది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. పెరట్లో తొమ్మిది పెట్టలు, రెండు పుంజులు, నెలన్నర వయసున్న ఆరు పిల్లలు ఉన్నాయి. పెట్టల్లో ఐదు నాటువి, నాలుగు గ్రామప్రియ రకానివి. గూడు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నాలుగు కాళ్ల మీద నేల నుంచి అడుగున్నర ఎత్తున నిలబెట్టిన చెక్క గూడు. పాత తలుపు చెక్కలతో కట్టించి పైన రేకు వేయించాను. లోపల కోళ్లు ఎక్కి కూర్చోవడానికి రెండు వెదురు బొంగులు అడ్డంగా బిగించి ఉన్నాయి. ఈ వివరమంతా ముందే రాయడానికి కారణం, తర్వాత తేలిన విషయంలో ఈ పాత చెక్కలకూ ఆ బొంగులకూ పెద్ద పాత్ర ఉండడమే.

జూన్ చివరి దాకా రోజుకు నాలుగు గుడ్లు వచ్చేవి. ఈ వారంలో రెండుకు పడిపోయాయి. వానలు మొదలయ్యాక మేత తగ్గిందేమో అనుకున్నాను కానీ, ఈ రోజు ఒక్కొక్క కోడినీ పట్టుకుని చూస్తే పెట్టల తురాయిలు ఎరుపు తగ్గి పాలిపోయి ఉన్నాయి. మలద్వారం చుట్టూ ఈకలను విడదీయగానే, ఎండుగడ్డి రంగులో ఉన్న చిన్న పురుగులు వెలుతురు తగిలిన క్షణంలో చర్మం మీద పరుగులు తీస్తూ పక్క ఈకల్లోకి దూరాయి. ఈకల మొదళ్లలో తెల్లటి ముద్దలు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. అవి ఈపులు, అంటే పేల గుడ్లు. కాబట్టి ఇవి కోడి పేలే అని నిర్ధారించుకుని, విషయం తేలిపోయిందని అనుకున్నాను. విషయంలో సగం మాత్రమే తేలిందని అర్థం కావడానికి మరో వారం పట్టింది.

జులై 7 నుంచి 11 వరకు

పెరటి మూలలో, రేకు కింద వాన తడవని చోట, రెండడుగుల గుంట తీసి పొయ్యి బూడిద, జల్లించిన ఇసుక, ఎండబెట్టి నలిపిన వేపాకు కలిపి నింపాను. కోడి తనంతట తాను మట్టిలో పొర్లడం పేలను వదిలించుకోవడానికి కూడా. వానాకాలంలో పెరడంతా బురద అవుతుంది కాబట్టి పొర్లడానికి పొడి చోటు దొరకదు. మా కోళ్లకు ఇన్ని పేలు పట్టడానికి మొదటి కారణం అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. గుంట సిద్ధమైన గంటలోనే గ్రామప్రియ పెట్టలు నాలుగూ అందులో దిగి, రెక్కలు విప్పి, బూడిదను ఈకల్లోకి ఎగజల్లుకుంటూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాయి.

ఐదు రోజుల తర్వాత చూస్తే పెద్ద కోళ్ల మీద పేలు కొంత తగ్గాయి. ఎర్ర పెట్ట మాత్రం గూటిలోకి రానే రాలేదు. మిగతావి కూడా పొద్దుగూకాక గూటి ముందు నిలబడి, లోపలికి పోవడానికి వెనకాడుతున్నాయి. చీకటి పడగానే తలుపు మూసేవరకూ ఆగకుండా గూటిలోకి దూరే కోళ్లు ఇలా నిలబడడం నేను ఎప్పుడూ చూడలేదు. 11న తెల్లారి గూడు తెరిస్తే పిల్లల్లో ఒకటి చనిపోయి ఉంది. తురాయి మొలకెత్తే చోట చర్మం తెల్లగా, కాగితంలా ఉంది. బయట గాయం ఏదీ లేదు. రక్తం లేక చనిపోయిందని చూడగానే తెలిసింది, కానీ ఆ రక్తం ఎటు పోయిందో ఆ క్షణానికి తెలియలేదు.

జులై 12, శనివారం, రాత్రి

చనిపోయిన పిల్ల సంగతి విని పక్కింటి అత్తమ్మ వచ్చి గూడు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "పగటి పూట ఏం జూస్తవ్ బిడ్డా, రాత్రి లైటు వట్టుకొని జూడు. నల్లులైతె పగలు కండ్లవడయి" అన్నది.

రాత్రి పది దాటాక టార్చి, తెల్ల గుడ్డ ఒకటి తీసుకుని వెళ్లాను. బొంగు మీద ఎనిమిది కోళ్లు ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఏదీ నిద్రపోవడం లేదు. కాళ్లు మారుస్తూ, కాలి వేళ్లను ముక్కుతో పొడుచుకుంటూ ఉన్నాయి. వాటి కాళ్లకు పక్కన బొంగు మీదికి వెలుతురు వేశాను. మొదట బొంగు రంగే అలా ఉందనుకున్నాను. కళ్లు కుదురుకున్నాక ఆ రంగు కదులుతోందని తెలిసింది. ఆవగింజలో సగం కూడా లేని ఎర్రటి చుక్కలు, వందల కొద్దీ, బొంగు చివర గోడ చెక్కలోకి దిగిన రంధ్రంలోంచి బయటికి వస్తూ, తిరిగి లోపలికి పోతూ, రెండు వరుసల్లో నడుస్తున్నాయి. వచ్చేవి బూడిద రంగులో పలచగా ఉన్నాయి, పోయేవి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తెల్ల గుడ్డతో బొంగు అడుగు భాగాన్ని ఒక్కసారి తుడిస్తే జానెడు పొడవున ఎర్రటి చార పడింది. అది కోళ్ల రక్తం. చనిపోయిన పిల్ల రక్తం కూడా అందులో ఉంది.

ఎర్ర పెట్ట పొదిగిన గంప బోర్లించి చూశాను. వరిగడ్డి అడుగున, గంప అల్లికలో, గుడ్ల మీద కూడా ఎర్రటి, నల్లటి చుక్కలు. గుడ్ల మీది మరకలు నలిగిపోయిన నల్లులవి. మూడు వారాలు కదలకుండా కూర్చోవలసిన కోడి ప్రతి రాత్రీ ఈ పురుగుకు తన ఒళ్లు అప్పగించి కూర్చోవాలి. పన్నెండు రోజులు భరించింది. అది గుడ్లు వదిలేసినందుకు ఆ సాయంత్రం విసుక్కున్న నాకు ఈ రాత్రి ఆ కోడిని చూస్తే మనసు చాలా కష్టపడింది.

జులై 14, సోమవారం

నల్లులను చిన్న సీసాలో వేసి మూత బిగించి, పేలను పారదర్శకమైన టేపుకు అంటించి తెల్ల కాగితం మీద అతికించి, రెండింటినీ పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ సారు భూతద్దం కింద చూసి ఇవి రెండూ వేరువేరు జీవులని, రెండింటికీ ఒకే వైద్యం సరిపోదని చెప్పారు. ఆయన చెప్పినదాన్ని, తర్వాత నేను చదివి సరిచూసుకున్నదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేను ఆరు కాళ్ల కీటకం. మా కోళ్ల మీద ఉన్నది ఒంటి పేను, మెనాకాంథస్ స్ట్రామినియస్. గుడ్డు నుంచి చావు దాకా దాని బతుకంతా కోడి మీదే. ఈకలనూ చర్మపు పొట్టునూ కొరికి తింటుంది; లేత ఈకల మొదళ్లను కొరికి రక్తం కూడా తీసుకుంటుంది. కోడి ఒంటి మీదనుంచి కింద పడితే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. కాబట్టి పేను మీద పోరాటం కోడి ఒంటి మీదే చేయాలి.

ఎర్ర నల్లి, డెర్మానిసస్ గల్లినే, ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు వర్గానికి చెందింది. మా దగ్గర నల్లి అనే మాటను మంచంలో ఉండే పురుగుకూ అంటారు, మిరప చేనులో కింది ముడతకు కారణమయ్యే పురుగుకూ అంటారు, దీనికీ అంటారు. అందువల్ల ఒకరు చెప్పేది ఇంకొకరికి వేరుగా అర్థమవుతుంది. ఈ నల్లి కాపురం గూటిలోని పగుళ్లలో. రాత్రి కోడి మీదికి ఎక్కి రక్తం తాగి, తెల్లారేలోగా దిగిపోయి పగుళ్లలో దాక్కుంటుంది. తాగిన ప్రతిసారీ ఆడది కొన్ని గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చే ఆరు కాళ్ల పిల్ల ఏమీ తాగదు. అది కుబుసం విడిచి ఎనిమిది కాళ్లు వచ్చాక రక్తానికి బయలుదేరుతుంది. మన వానాకాలం ఉక్కపోతలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. ఆహారం లేకుండా నెలల తరబడి పగుళ్లలో బతకగలదు కాబట్టి, గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే చచ్చిపోతుందని అనుకోవడానికి వీల్లేదు.

సారు చివరగా చెప్పిన మాట ఇది: "కోడికి వైద్యం ఒక వంతు, గూటికి మూడు వంతులు." నేను వారం రోజులుగా ఆ ఒక్క వంతే చేస్తూ ఉన్నాను.

గూటికి డెల్టామెత్రిన్ రాశారు. మిల్లీలీటరుకు 12.5 మిల్లీగ్రాముల మందు ఉండే సీసా. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, కోళ్లు లేనప్పుడు కొట్టాలి. సీసాల్లో మందు బలం వేరువేరుగా ఉంటుంది కాబట్టి, ఎవరైనా ఇది చదివి ఇదే కొలత తీసుకోకుండా తమ సీసా మీది బలం చూసి డాక్టరుతో రాయించుకోవాలని కోరుతున్నాను. కోళ్ల ఒంటికి గంధకం పొడి చెప్పారు. ఐవర్‌మెక్టిన్ సూది సంగతి నేనే అడిగాను. దాని అవశేషాలు గుడ్లలోకి వస్తాయని, గుడ్లు పెట్టే కోళ్లకు వద్దని అన్నారు.

వచ్చేటప్పుడు మందు కొనడానికి ఆగిన దుకాణంలో, నా అవసరం విని, వరిలో మొగి పురుగుకు చల్లే ఫిప్రోనిల్ గుళికలను నీళ్లలో కలిపి కోళ్లను ముంచితే సరిపోతుందని సలహా ఇచ్చారు. ఈ సలహా ఇచ్చినవారికి దురుద్దేశం లేదు కానీ, ఇది చాలా ప్రమాదకరమైన మాట. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో ఎర్ర నల్లి కోసం కోళ్ల షెడ్లలో ఈ మందునే దొంగచాటుగా వాడడం వల్ల కోట్లాది గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మా గుడ్లు అమ్మ తింటుంది, పక్కింటి చిన్నపిల్లలు తింటారు. పత్తికీ వరికీ మిగిలిపోయిన మందును కోళ్లకు వాడే అలవాటు మా ఊళ్లలో ఉంది. దీన్ని మానుకోవాలని గట్టిగా రాస్తున్నాను.

జులై 15, మంగళవారం

రోజంతా ఎండ కాసింది. ఇలాంటి రోజు కోసమే ఆగాను.

గూటిలోని గడ్డినంతా తీసి దూరంగా కాల్చేశాను. పొదుగుడు గంపను కూడా కాల్చేశాను; అల్లికలో దూరిన నల్లిని ఏ మందూ అందుకోలేదు. గోడలకు అంటిన రెట్టను పాత కొడవలితో గీకి తీశాను, ఎందుకంటే ఎండిన రెట్ట పొర కింద దాక్కున్న నల్లికి మందు తగలదు. తర్వాత వెదురు బొంగులు విప్పాను. గోడ చెక్కలోంచి మొదటి బొంగు చివర బయటికి వచ్చినప్పుడు దాని బోలులోంచి, నువ్వులూ బూడిదా కలిపి దులిపినట్టు ఒక ముద్ద రాలి నేల మీద పడింది. ఒక్క నిమిషంలో ఆ ముద్ద నాలుగు దిక్కులా నడవడం మొదలుపెట్టింది. రాలినదంతా బతికున్న నల్లులు, వాటి కుబుసాలు, తెల్లటి గుడ్లు. రెండు బొంగులనూ అక్కడికక్కడే మంటలో వేశాను. తేలికగా, చవకగా దొరుకుతుందని రెండేళ్ల కింద బొంగు పెట్టింది నేనే. బోలుగా ఉండి, కణుపు కణుపుకూ పగుళ్లిచ్చే కర్ర కోళ్ల గూటిలో ఉండకూడదు.

నీళ్లు సలసలా మరగబెట్టి చెక్కల అతుకుల్లో, తలుపు మడతబందుల దగ్గర, రేకు గోడను తాకే చోట్ల పోశాను. మరిగే నీటికి గుడ్లు కూడా చస్తాయి; మందుకు గుడ్లు చావవు. ఈ తేడా తెలిశాక నీళ్ల పనిని మందు పని కంటే ఎక్కువ ఓపికగా చేశాను. ఆరు బిందెల నీళ్లు పట్టాయి.

మధ్యాహ్నం రెండింటికి చెక్క పూర్తిగా ఆరాక చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకుని మందు కొట్టాను. పైపైన తడపకుండా, పంపు మూతిని ప్రతి పగులులోకీ ఆనించి, నీరు కారేదాకా కొట్టాను. డెల్టామెత్రిన్ చేపలకు విషం కాబట్టి పంపును చెరువు దగ్గర కడగలేదు. కడిగిన నీళ్లను బావికి దూరంగా గుంట తీసి పోసి మట్టి కప్పాను.

పనిలో పనిగా సున్నం కూడా వేసేద్దామని రాళ్ల సున్నం తెచ్చి పెట్టుకున్నాను. సాయంత్రం సారుకు ఫోన్ చేసి అడిగితే వెంటనే వద్దన్నారు. సున్నం క్షారం, క్షారం తగిలితే డెల్టామెత్రిన్ విరిగిపోయి బలం పోతుంది. రెండు మంచి పనులు ఒకే రోజున చేస్తే ఒకటి రెండోదాన్ని చెడగొడుతుందన్నమాట. సున్నం నెలాఖరుకు వాయిదా వేశాను.

రెండు రాత్రులు కోళ్లను వరండాలో ప్లాస్టిక్ పండ్ల డబ్బాల్లో పడుకోబెట్టాను. ఇంట్లో ఉన్న పాత గంపలు వాడదామని అమ్మ అన్నది కానీ, వాటి అల్లికల్లో నల్లులు లేవని నమ్మకం లేదు.

జులై 17, గురువారం

కొత్త కర్ర బిగించాను. ఇది రెండంగుళాల మందంలో నున్నగా చిత్రిక పట్టించిన వేప కర్ర. ఈసారి దాన్ని గోడకు కొట్టలేదు. రెండు ఇనుప కాళ్ల మీద నిలబెట్టి, ఆ కాళ్లను చిన్న రేకు డబ్బాల్లో ఉంచి, డబ్బాల్లో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోశాను. కోళ్లు మూతి పెట్టకుండా డబ్బా మీద రంధ్రం ఉన్న మూత పెట్టాను. వంటింట్లో పాలు, పెరుగు పెట్టే గూటి కాళ్ల కింద చీమలు ఎక్కకుండా అమ్మమ్మ నీళ్ల గిన్నెలు పెట్టేది, అదే ఉపాయం. కర్ర ఎక్కడా గోడను తాకకపోతే గోడ పగుళ్లలో మిగిలిన నల్లి కోడి దగ్గరికి నడిచి రావడానికి దారి ఉండదు.

కర్ర అడుగున చేతి వెడల్పు అట్టపెట్టె ముక్కను దారంతో కట్టాను. అట్ట లోపలి గీతలు నల్లికి ఇష్టమైన పగుళ్ల లాంటివి. వారానికోసారి దాన్ని విప్పి లెక్కపెట్టి కాల్చేస్తే, గూటిలో ఎన్ని మిగిలాయో తెలుస్తుంది, కొన్ని చస్తాయి కూడా. ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పని ఇది. అంతకుముందు నేను కంటి అంచనాతోనే నడిచాను.

జులై 19, శనివారం, రాత్రి

ఈ రోజు పేల పని. కోళ్లు చీకట్లో తేలికగా దొరుకుతాయి కాబట్టి రాత్రి పెట్టుకున్నాను. అమ్మ ఒక్కొక్క కోడిని ఒళ్లో పెట్టుకుని రెక్కలు పట్టుకుంటే, గంధకం పొడిని పలచటి గుడ్డ మూటలో కట్టి నేను మలద్వారం చుట్టూ, రెక్కల కింద, తొడల మధ్య, మెడ వెనక అద్దుతూ ఈకలకు ఎదురుగా వేళ్లతో రుద్దాను. కళ్లలో, ముక్కులో పడకుండా తలను గుడ్డతో కప్పాం. ఈపుల ముద్దలున్న ఈకలను కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించి, కింద పరిచిన పేపరులో చుట్టి పొయ్యిలో వేశాం. ఈపులకు గంధకం పట్టదు కాబట్టి ఇదొక్కటే దారి. ముసలి బొల్లి పెట్టకు ఒక్కదానికే మలద్వారం దగ్గర నలభై దాకా ఈకలు కత్తిరించవలసి వచ్చింది. దాని కాళ్ల పొలుసులు కూడా లేచి ఉన్నాయి. అది కాళ్ల పొలుసుల కింద దూరే మరో నల్లి పని. సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తోమి వాజిలిన్ పట్టించాను. రెండు రోజులకోసారి ఇది చేయాలి.

ఒక పుంజు దగ్గర ఆగిపోయాం. ఆ నల్లపుంజు శ్రావణంలో పోచమ్మకు ఇస్తామని మొక్కుకున్నది. "మందు కొట్టిన కోడిని తల్లికి ఎట్ల ఇస్తం?" అని అమ్మ అడిగింది. అమ్మ భక్తితో అన్నది. నా ఆలోచన అది తర్వాత మా కంచాల్లోకి కూడా వస్తుందని. ఇద్దరి దారీ ఒక్క చోటికే వచ్చింది. దాన్ని మందు కొట్టిన గూటికి దూరంగా, పశువుల కొట్టంలో విడిగా కట్టి, ఒంటి మీది పేలకు బూడిద మాత్రమే పెట్టి, ఈపుల ఈకలు కత్తిరించాం. మందు కొట్టిన గూటిలో పెట్టిన గుడ్లను కూడా వారం పాటు తినకుండా గుంటలో పూడ్చాం.

అమ్మకు ఇంకో భయం ఉంది, ఈ పేలు మన తలలోకి వస్తాయేమోనని. కోడి పేను మనిషి మీద బతకదు. నల్లి మాత్రం కుడుతుంది, దురద పెడుతుంది, కానీ మనిషి ఒంటి మీద కాపురం చేయదు. నా ముంజేతుల మీది దద్దుర్లు రెండు రోజుల్లో వాటంతటవే తగ్గాయి.

జులై 22, మంగళవారం

రెండో విడత మందు. మొదటిసారి గుడ్లలో ఉన్నవి ఈపాటికి బయటికి వచ్చి ఉంటాయి, అవి మళ్లీ గుడ్లు పెట్టేలోపే కొట్టాలి కాబట్టి ఈ వారం గడువు. కొట్టే ముందు అట్టముక్క విప్పి తెల్ల పళ్లెంలో దులిపాను. 41 నల్లులు. అందులో రక్తం తాగినవి తొమ్మిది. పదిరోజుల కింద గుడ్డతో ఒక్క తుడుపుకు వందలు వచ్చిన చోట ఇది.

జులై 29, మంగళవారం

అట్టముక్కలో 6. తలుపు మడతబందు వెనక చిన్న గుంపు ఒకటి కనిపిస్తే మరిగే నీళ్లు పోసి, ఆరాక ఆ పగులును చెక్కపొడి, జిగురు కలిపిన ముద్దతో పూడ్చాను. గోడల్లో వెతికి మరో పదిహేడు పగుళ్లు పూడ్చాను. పాత చెక్కతో గూడు కట్టించడం ఆదా అనుకున్నాను. ఈ పగుళ్లన్నీ ఆ ఆదాలో భాగమే.

కోళ్లు పొద్దుగూకగానే తోసుకుంటూ గూటిలోకి పోతున్నాయి. ఎర్ర పెట్ట కూడా జామచెట్టు దిగి లోపలికి వచ్చింది. రక్తం పట్టడానికి రోజూ మునగాకు తరిగి, మొలకెత్తిన ఉలవలతో కలిపి పెడుతున్నాం. గుడ్లు మూడు వస్తున్నాయి.

పేలకు గంధకం రెండోసారి పట్టించాను. ఈపులు కొత్తవి కనిపించలేదు. పొర్లుగుంటలో కూడా బూడిద మార్చి, కొద్దిగా గంధకం కలిపాను. కోళ్లు తమ పని తామే చేసుకునేలా ఈ గుంటను వానాకాలమంతా పొడిగా ఉంచడం నాకు అన్నిటికంటే సులువుగా తోచిన జాగ్రత్త.

ఆగస్టు 5, మంగళవారం

అట్టముక్కలో ఏమీ లేదు. భూతద్దంతో రెండుసార్లు చూశాను. ఇప్పుడు సున్నం వేశాను.

ఆగస్టు 10, ఆదివారం

బాబాయి ప్రేమగా సంత నుంచి రెండు పెట్టలు తెచ్చి, నేను ఇంట్లో లేనప్పుడు నేరుగా మా కోళ్లలో వదిలారు. సాయంత్రం వచ్చి చూస్తే, ఒకదాని కళ్ల చుట్టూ, తురాయి మీద, నల్ల నువ్వులు అతికించినట్టు మచ్చలు. గోటితో కదిపితే కదలలేదు. ఇవి పేలూ కావు, నల్లులూ కావు. ఇది ముఖం చర్మంలోకి మూతి దూర్చి, గోమారిలా అక్కడే అతుక్కుని ఉండే కోడి గెంతుడు పురుగు, ఎకిడ్నోఫాగా. దీని పిల్లలు నేల మీది దుమ్ములో పెరుగుతాయి. రెండు పెట్టలనూ వెంటనే పట్టి కొట్టం అవతల వేరు గంప కింద పెట్టాను. మచ్చల మీద కళ్లలో పడకుండా వాజిలిన్ మందంగా పట్టిస్తే ఊపిరాడక రెండు రోజుల్లో రాలడం మొదలైంది. అవి తిరిగిన చోట నేలను గీకి, ఆ మట్టిని ఎండలో పోసి కాల్చాను.

బాబాయికి కోపం రాకుండా చెప్పాను. "ఇంత జేస్తవని నాకేం ఎరుక" అన్నారు. తప్పు ఆయనది కాదు. కొత్త కోడిని ఇరవై ఒక్క రోజులు వేరుగా ఉంచాలని నేను ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండలేదు. ఇప్పుడు ఆ మాట గూటి తలుపు మీద సుద్దతో రాసి ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

ఎర్ర పెట్ట మళ్లీ పొదుగుడుకు వచ్చింది. గంప బదులు ఈసారి కుమ్మరి దగ్గర కొన్న వెడల్పాటి మట్టి మూకుడు. అల్లిక ఉండదు, పగులు ఉండదు, వేడి నీళ్లతో కడగవచ్చు. అడుగున పొడి ఇసుక రెండంగుళాలు, పైన ఎండిన వేపాకు, దాని మీద కొత్త వరిగడ్డి. తొమ్మిది గుడ్లు పెట్టాను. మూకుడును పెద్ద గూటిలో కాకుండా, ఇటుకల మీద ఎత్తుగా, వరండా మూలలో ఉంచాను. ప్రతి రాత్రీ పదింటికి తెల్ల గుడ్డతో మూకుడు అంచు తుడిచి చూస్తున్నాను.

అంతకుముందు ఆదివారమే నల్లపుంజు పోచమ్మ దగ్గరికి వెళ్లింది. దాని ఒంటి మీద పేలు మిగిలి ఉన్నాయి కానీ మందు లేదు. అమ్మ తృప్తిగా ఉంది.

రోజుకు నాలుగు గుడ్లు వస్తున్నాయి. పెట్టల తురాయిలకు ఎరుపు తిరిగి వచ్చింది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇరవై ఒకటో రోజు. ఎర్ర పెట్ట ఒక్క రాత్రి కూడా మూకుడు దిగి బయట గడపలేదు. నిన్న రాత్రి నుంచి ఈ మధ్యాహ్నం దాకా తొమ్మిదింటిలో ఏడు పొదిగాయి. ఒకటి మురిగింది, ఒకటి పిల్ల ఏర్పడి ఆగిపోయింది. ఏడు పిల్లలనూ ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టుకుని రెక్కల కిందా, తల మీదా చూశాను. ఒంటి మీద పురుగు లేదు. కాళ్లు, ముక్కు పసుపుగా, చర్మం గులాబీ రంగులో ఉన్నాయి.

పెద్ద గూటిలో అట్టముక్క కూడా ఈ రోజే విప్పాను. ఐదు వారాలు ఏమీ కనిపించని అట్టలో మూడు నల్లులు ఉన్నాయి, ఒకటి ఎర్రగా. ఎక్కడో ఒక పగులు నా కంటికి ఇంకా చిక్కలేదు. తలుపు చట్రం పైన, రేకు మడిచిన చోట చూడాలి. పిల్లల మూకుడును వరండా నుంచి ఇంటి లోపలికి మార్చాను. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. రేపు ఎండ కాస్తే రేకు విప్పుతాను.